సముద్రం వదిలి లోపలికి వెళ్ళండి

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఇక్కడ ఎవరికో జవాబు రాస్తూ, ఎమ్మెస్సీ రోజుల స్నేహితులతో కలిసి మెక్సికోలోని యుకతాన్ వెళ్ళి అక్కడి ప్రాచీన జాతి మాయన్ల కట్టడాలు చూసొచ్చానని ఒక ముక్క అన్నాను. ఇంకేముంది, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ అవే. విశాఖలో కాలేజీ పిల్లలకి జియాలజీ చెప్పినన్నాళ్ళూ ఇన్ని ప్రశ్నలు నన్నెవరూ అడగలేదు. కాశీ సత్రాల గురించి, కేరళ పడవల గురించి అడిగినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేడమ్, స్టీల్ ప్లాంట్‌లో కలిసి పనిచేసి రిటైరైన నాలుగు జంటలం. మా అబ్బాయి హ్యూస్టన్‌లో ఉంటాడు. అమెరికా వీసాలున్నాయి. కాంకున్‌లో బీచ్ హోటల్, మధ్యలో ఒక రోజు బస్సులో మాయన్ల పాత నగరం చిచెన్ ఇట్సా అని ఒక ప్యాకేజీ చూశాడు. మాలో ఇద్దరికి మోకాళ్ళ నొప్పులు. ఈ ప్యాకేజీ తీసుకోవచ్చా? — సీతమ్మధార నుంచి ఒక పాఠకుడు

జవాబు: తీసుకోవచ్చు గానీ, నేనైతే తీసుకోను. పొద్దున ఆర్కే బీచ్‌లో నడిచి, ఆదివారం రుషికొండ వెళ్ళొచ్చే మనం భూగోళానికి అటువైపు దాకా ఎగిరివెళ్ళి మళ్ళీ ఇసకలోనే కూర్చోవడం ఎందుకండీ? కాంకున్ నీళ్ళ రంగు బాగుంటుంది, కాదనను. ఒక పూట చూస్తే సరిపోతుంది. మాయన్ల పెద్ద ఊళ్ళు ఎక్కువగా తీరానికి దూరంగా, లోపల అడవుల్లో ఉన్నాయి. సముద్రం ఒడ్డున ఉన్న తులుమ్ ఫొటోలో బ్రహ్మాండంగా పడుతుంది కానీ, అది చివరి కాలపు రేవు పట్నం, చిన్నది. దాన్ని చూసి మాయన్లని చూశామనుకుంటే వాళ్ళకి అన్యాయం చేసినట్టే.

మీ అబ్బాయిని మెరిదాకి టికెట్లు చూడమనండి. హ్యూస్టన్ నుంచి నేరుగా విమానాలున్నాయి. మెరిదా యుకతాన్ రాష్ట్ర రాజధాని. అక్కణ్ణుంచి మాయన్ల ఇంకో పాత నగరం ఉష్మల్ సుమారు 80 కిలోమీటర్లు, చిచెన్ ఇట్సా సుమారు 120. కాంకున్ నుంచైతే చిచెన్ ఇట్సాకే 200 కిలోమీటర్లు. ముందు మెరిదాలో ఉండి ఉష్మల్ చూసుకుని, తర్వాత వయ్యదోలిద్ అనే చిన్న ఊరికి మారండి. అక్కణ్ణుంచి చిచెన్ ఇట్సా గంట లోపే. మేం చేసింది ఇదే. డ్రైవర్‌తో సహా వ్యాన్ మాట్లాడుకున్నాం. అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి. పైగా పల్లె వచ్చినప్పుడల్లా మన నడుం సంగతి తేల్చే స్పీడ్ బ్రేకర్లు. అరవై దాటినవాళ్ళు ఆ టెన్షన్ పెట్టుకోనక్కర్లేదు.

వీసా విషయం: చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా చేతిలో ఉంటే మెక్సికోకి విడిగా వీసా అవసరం లేదు. మీ అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీదో కాదో చూసుకోండి, మళ్ళీ హ్యూస్టన్ తిరిగి రావాలి కదా. నిబంధనలు మారుతుంటాయి కనుక టికెట్లు కొనేముందు మెక్సికో ఎంబసీ సైట్ ఒకసారి చూడండి.

ఒకవేళ మీవాడు పట్టుబట్టి కాంకున్‌లోనే దింపితే, ఒక సౌకర్యం ఉంది. కాంకున్ కన్నా చిచెన్ ఇట్సా గడియారం ఒక గంట వెనక. ఆరింటికి బయల్దేరితే రెండున్నర గంటల ప్రయాణం చేసినా అక్కడి టైము ఏడున్నరే అవుతుంది. గేటు తీసేది ఎనిమిదింటికి. టూరిస్టు బస్సులు పది దాటాక ఒకదాని వెనక ఒకటి దిగుతాయి. ఆ రెండు గంటలే మీవి. టికెట్ రెండు ముక్కలుగా ఉంటుంది, కేంద్ర ప్రభుత్వానికి ఒకటి, రాష్ట్రానికి ఒకటి. పెసోలు నగదుగా దగ్గర ఉంచుకోండి.

మోకాళ్ళ నొప్పులవాళ్ళకి శుభవార్త ఏమిటంటే చిచెన్ ఇట్సా పిరమిడ్‌ని ఇప్పుడు ఎవరినీ ఎక్కనివ్వరు. ఆరోగ్యవంతులూ, మీరూ సమానమే. కింద అంతా చదునైన నేల. నాలుగు వైపులా 91 మెట్లు, పైన ఒక వేదిక, కలిపితే 365. ఎత్తు సుమారు 30 మీటర్లు. మన గోపురాలు చూసిన కంటికి ఎత్తు పెద్దగా అనిపించదు. దాని గొప్పతనం లోపల ఉంది. ఆ పిరమిడ్ కడుపులో ఇంకో పిరమిడ్ ఉందని 1930లలో తవ్వి తెలుసుకున్నారు. ఎర్ర రంగు వేసి, పచ్చరాళ్ళు పొదిగిన చిరుతపులి సింహాసనం అందులో దొరికింది. దాని లోపల మూడోది కూడా ఉందని 2016లో ప్రకటించారు. అంతకుముందు ఏడాదే, మొత్తం కట్టడం కింద నీళ్ళున్న పెద్ద గుంట ఒకటి ఉందని భూమిలోకి కరెంటు పంపి కొలిచే పద్ధతిలో కనుక్కున్నారు. మా బ్యాచ్‌లో ఓఎన్‌జీసీలో చేసి రిటైరైన ఒకాయన ఈ మాట వినగానే పిరమిడ్ వైపు చూడటం మానేసి నేల వైపు చూస్తూ నడిచాడు. వాళ్ళావిడ ఫొటోలన్నిట్లో ఆయన బట్టతల ఒక్కటే పడింది.

మెట్లకి ఎదురుగా నిలబడి చప్పట్లు కొడితే ప్రతిధ్వని పిట్ట కూతలా వస్తుంది. కెట్సాల్ పక్షి కూత అంటారు గైడ్లు. కావాలనే అలా కట్టారా అన్నది వాదన, కానీ వినబడటం మాత్రం నిజం. దగ్గర్లో బంతాట మైదానం ఉంది. 168 మీటర్ల పొడవు, అంటే ఫుట్‌బాల్ మైదానం కన్నా పెద్దది. గోడకి ఎత్తున రాతి వలయాలుంటాయి. ఇక దారి పొడుగునా బొమ్మలమ్మేవాళ్ళు చిరుత గాండ్రింపులా మోగే ఈలలు ఊదుతుంటారు. మొదటిసారి గుండె జల్లుమంటుంది, పదోసారికి తల నొప్పెడుతుంది. మనవలకి కొనకండి, కొన్నారో ఇంట్లో మీకే కష్టం.

ఉష్మల్ సంగతి వేరు. రెండింట్లో ఒక్కటే చూడగలం అంటే నేను ఉష్మల్ అంటాను. జనం తక్కువ, నీడ ఎక్కువ. మాంత్రికుడి పిరమిడ్ అని పిలిచే కట్టడం మూలలు లేకుండా కోడిగుడ్డు ఆకారపు పునాది మీద లేస్తుంది, సుమారు 35 మీటర్లు. పాలకుడి భవనం అనేది దాదాపు 100 మీటర్ల పొడవు. దాని కింది సగం గోడ పూర్తిగా సాదా, పై సగం మొత్తం చెక్కిన రాళ్ళు. చిన్న చిన్న ముక్కలుగా విడివిడిగా చెక్కి, గోడ మీద కూర్చారు. ఇనుప పనిముట్టు ఒక్కటి లేకుండా. ఆ భవనం ముందు మెట్ల మీద కూర్చుని, పొద్దు వాలేదాకా ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. మా గుంపు మాట్లాడకుండా ఉండటం అరుదు.

వెళ్ళేది నవంబర్ నుంచి మార్చి లోపు పెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల ఎండ మన ఉక్కపోతకి అలవాటుపడ్డవాళ్ళనీ కూలదోస్తుంది. జూన్ నుంచి అక్టోబర్ దాకా వానలు, తుపానులు. హుద్‌హుద్ చూసినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మాయన్లు అంటే మన మయాసురుడి సంతతేనని ఒక వీడియోలో చూశాను. మయసభ కట్టినవాడి శిష్యులే అమెరికా వెళ్ళి పిరమిడ్లు కట్టారట. అక్కడి గోడల మీద వినాయకుడు కూడా ఉన్నాడట. సున్నా కూడా మన దగ్గర్నుంచే నేర్చుకున్నారట. మీరు కళ్ళారా చూశారు కదా, నిజమేనా? — గాజువాక నుంచి ఒక యువకుడు

జవాబు: నిజం కాదు బాబూ. వాళ్ళు అక్కడివాళ్ళే. వాళ్ళ పూర్వీకులు వేల ఏళ్ళ నుంచి ఆ నేల మీదే మొక్కజొన్న పండించుకుంటూ ఊళ్ళు కట్టుకుంటూ వచ్చారని తవ్వకాలు పొరలు పొరలుగా చూపిస్తున్నాయి. నువ్వే ఒకసారి ఆలోచించు. మన భారతంలో రథాలున్నాయి, గుర్రాలున్నాయి, ఏనుగులున్నాయి. మాయన్లకి బండి చక్రం వాడకం లేదు, గుర్రం లేదు, ఎద్దు లేదు, ఇనుము లేదు. ఇక్కణ్ణుంచి ఒక మహాశిల్పి వెళ్ళి ఉంటే ఉలి ఒకటి, ఎడ్లబండి ఒకటి నేర్పకుండా ఉంటాడా? ప్రతి రాయీ మనిషి వీపు మీదే వెళ్ళింది. నాకైతే అదే మయసభ కన్నా పెద్ద ఆశ్చర్యం.

వినాయకుడంటావా, గోడల మీద పొడుగ్గా వంపు తిరిగిన ముక్కుతో వరసగా ముఖాలుంటాయి. ఉష్మల్‌లో మాతో వచ్చినావిడ కూడా చూడగానే చేతులు జోడించింది. ఆ ముఖాలు చాక్ అనే వాన దేవుడివని చెబుతారు. అది తొండం కాదు. ఆ ఊళ్ళో నది లేదు, చెరువుకి ఊట లేదు, పైనుంచి పడే నీళ్ళే దిక్కు. అలాంటి చోట ఇంటింటి గోడ మీదా వాన దేవుడుండక ఇంకెవరుంటారు?

సున్నా గురించి కూడా రాశావు. మాయన్లు సున్నాని స్వతంత్రంగా కనుక్కున్నారు, గవ్వ లాంటి గుర్తు వేసేవాళ్ళు. చుక్క అంటే ఒకటి, అడ్డగీత అంటే అయిదు. మనం పదులతో లెక్కిస్తే వాళ్ళు ఇరవైలతో. 2026ని వాళ్ళ లెక్కలో రాయాలంటే కింద ఒక గీత మీద ఒక చుక్క, దాని పైన ఒక చుక్క, ఆ పైన ఒక గీత. అంటే ఆరు ఒకట్లు, ఒక ఇరవై, అయిదు నాలుగువందలు. కూడి చూసుకో. రెండు దేశాల్లో ఇద్దరు వేర్వేరుగా ఒకే గొప్ప పని చేశారంటే అందులో మనకి తగ్గేదేముంది?

ప్రశ్న: అమ్మా, మేం గుడ్డు కూడా ముట్టం. అంత దూరంలో ఏం తిన్నారు? ఆవకాయ పట్టుకెళ్ళాలా? — అక్కయ్యపాలెం నుంచి ఒక గృహిణి

జవాబు: ఆవకాయ కన్నా కందిపొడి నయం తల్లీ. నూనె కారదు, కస్టమ్స్‌వాళ్ళ ముందు మూత తెరిచి వివరించే పని ఉండదు. నిజానికి అదీ తక్కువే అవసరం పడింది. అక్కడి తిండికి ఆధారం మొక్కజొన్న. గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, తొక్క తీసి, రుబ్బి రొట్టెలు కాలుస్తారు. ఆ సున్నం వల్లే మొక్కజొన్నలోని నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. ఈ కిటుకు తెలియని దేశాల్లో మొక్కజొన్న ఒక్కటే తిన్న పేదలకి పెలాగ్రా జబ్బు పట్టుకుంది.

జాగ్రత్త పడాల్సింది నల్ల చిక్కుడు గింజల ముద్దతో. చూడటానికి శుద్ధ శాకాహారం, కానీ చాలాచోట్ల పంది కొవ్వుతో తాలింపు పెడతారు. 'సిన్ మాంతేకా' అనండి, ఆ కొవ్వు వద్దని. అన్నాన్ని కోడి పులుసులో ఉడికించడం కూడా మామూలే, అడగండి. నాకు బాగా నచ్చింది సికిల్ పాక్. గుమ్మడి గింజలు వేయించి, కాల్చిన టమాటాతో కలిపి నూరిన పచ్చడి. రోట్లో నూరితే మన ఇంట్లో చేసిందే అంటారు. వచ్చాక నేను రెండు మిరపకాయలు ఎక్కువేసి చేస్తున్నాను, ఇడ్లీలోకి బాగుంది.

బల్ల మీద చిన్న గిన్నెలో హబనేరో మిరపకాయల ముద్ద పెడతారు. మన గుంటూరు మిరపకన్నా ఎన్నో రెట్లు ఘాటు. 'మాది ఆంధ్రా, మాకు కారం లెక్కా' అని చెంచాడు నోట్లో వేసుకున్న మా స్నేహితుడొకాయన ఆ పూటంతా బొప్పాయి ముక్కలతోనే గడిపాడు. ఆ మిరపకాయా, ఆ టమాటా, ఆ బొప్పాయి, సీతాఫలం, జామ, అన్నీ అమెరికా ఖండాల నుంచి మనకొచ్చినవే. మన పెరటి సపోటా కూడా అటుదే. గ్వాటెమాలాలోని మాయన్ల పాత నగరం టికాల్ గుళ్ళ గుమ్మాల మీద ఎనిమిదో శతాబ్దంలో పెట్టిన దూలాలు సపోటా కర్రవే. ఆ తేమలో, ఆ చెదల్లో అన్నేళ్ళు నిలబడ్డాయి. కాబట్టి కొట్టేసిన సపోటా చెట్టుని పొయ్యిలో పెట్టకండి.

ప్రశ్న: అక్కడి భూగర్భ బావుల్లో ఈత కొట్టొచ్చా? మా స్నేహితులం వచ్చే ఏడాది వెళ్తున్నాం. రుషికొండలో ఈదడం మాకు అలవాటే. — మధురవాడ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని

జవాబు: కొట్టొచ్చు. వాటిని సెనోటెలు అంటారు. చిచెన్ ఇట్సా లోపలున్న పవిత్ర సెనోటెలో దిగనివ్వరు. బయట కొద్ది దూరంలో ఉన్న ఇక్‌కిల్ లాంటివి టికెట్ పెట్టి దింపుతారు. ఇక్‌కిల్‌లో నీటిమట్టం నేలకి సుమారు 26 మీటర్ల కింద ఉంటుంది. మెట్లు దిగాలి, మళ్ళీ ఎక్కాలి, అది గుర్తుపెట్టుకోండి. దిగేముందు స్నానం చేయమంటారు, ఒంటికి రాసుకున్న సన్‌స్క్రీన్ కడిగేయమంటారు. అది విసుక్కోవాల్సిన విషయం కాదు. ఊళ్ళవాళ్ళు తాగేదీ భూమిలోని ఆ నీళ్ళే. సముద్రంలో ఈత వచ్చిందని లైఫ్ జాకెట్ వద్దనకండి. ఉప్పు నీళ్ళు తేల్చినంతగా మంచి నీళ్ళు తేల్చవు, పైగా కాళ్ళు ఆనే చోటుండదు. జాకెట్ వేసుకుని వెల్లకిలా తేలుతూ పైకి చూడండి. గుండ్రటి ఆకాశం, అంచుల నుంచి వేలాడే చెట్ల వేళ్ళు.

ఇప్పుడు నా సబ్జెక్టు వచ్చింది కాబట్టి కాస్త భరించండి. ఉత్తర యుకతాన్ మొత్తం సున్నపురాయి పలక. పడ్డ వాన పడ్డట్టే కిందికి ఇంకిపోతుంది, అందుకే పైన నదులు లేవు. నీళ్ళు లోపల రాయిని కరిగిస్తూ గుహలు చేస్తాయి. గుహ పైకప్పు కూలితే సెనోటె. మన బొర్రా గుహల్లో పైకప్పుకి పడిన కంత చూశారు కదా, వెలుతురు దిగే చోటు? ఆ కప్పంతా కూలి, కింద నీళ్ళు నిలిచాయనుకోండి.

యుకతాన్ మ్యాపులో సెనోటెలని చుక్కలుగా పెట్టి చూస్తే, చాలా చుక్కలు మెరిదా చుట్టూ ఒక పెద్ద అర్ధచంద్రాకారంలో వస్తాయి. అది సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట ఉల్క పడిన గొయ్యి అంచు. చిక్షులూబ్ అంటారు. వెడల్పు సుమారు 180 కిలోమీటర్లు. సగం నేల కింద, సగం సముద్రం కింద పూడిపోయి ఉంది. డైనోసార్లని తుడిచిపెట్టింది ఆ దెబ్బేనని ఎక్కువమంది శాస్త్రవేత్తల మాట. ఇదంతా మెక్సికో కథ అనుకోకండి. రాజమండ్రి దగ్గర పంగిడి, కాతేరు క్వారీల్లో నల్లరాతి లావా పొరలున్నాయి. అవీ ఇంచుమించు ఆ కాలానివే. దక్కన్ పీఠభూమిని కప్పిన లావాలో భాగమని, పడమటి నుంచి వందల కిలోమీటర్లు పారి వచ్చిందని చాలామంది భావిస్తారు. రెండు లావా పొరల మధ్య సముద్రపు జీవుల శిలాజాలున్న పొర ఉంటుంది. ఎమ్మెస్సీలో సుత్తులు పట్టుకుని ఆ క్వారీల్లో తిరిగిన గుంపే ఇప్పుడు మోకాళ్ళకి పట్టీలు కట్టుకుని ఆ ఉల్క గొయ్యి అంచున నిలబడింది. డ్రైవర్‌కి మా హడావుడి అర్థం కాలేదు, రోడ్డు పక్క రాయి ముక్క కోసం ఇంత గోలా అన్నట్టు చూశాడు.

ప్రశ్న: అంత తెలివైన మాయన్లు ఒక్కసారిగా ఎలా మాయమైపోయారు? — అనకాపల్లి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: మాయం కాలేదు నాయనా. మా వ్యాన్ నడిపినాయన మాయన్. ఇంటి నుంచి వాళ్ళమ్మ ఫోన్ చేస్తే స్పానిష్ వదిలేసి యుకతెక్ మాయలో మాట్లాడేవాడు. మాయా కుటుంబానికి చెందిన భాషలు ఈనాటికీ సుమారు 30 ఉన్నాయి, మాట్లాడేవాళ్ళు లక్షల్లో ఉన్నారు. మెక్సికో, గ్వాటెమాలా, బెలీజ్‌లలో వాళ్ళ పొలాలు, పెళ్ళిళ్ళు, ఎన్నికలు అన్నీ నడుస్తున్నాయి.

ఖాళీ అయినవి దక్షిణాది నగరాలు. టికాల్, పలెంకే, కోపాన్ లాంటివి. క్రీ.శ. 800 తర్వాత ఒక్కొక్క ఊళ్ళో రాజులు శిలాస్తంభాలు నిలబెట్టడం ఆగిపోతుంది. ఒక మొదటి రోజు నుంచి వరసగా రోజులు లెక్కపెట్టే వాళ్ళ దీర్ఘ లెక్కలో తేదీ వేసిన ఆఖరి శాసనం తోనినా అనే చోట క్రీ.శ. 909 నాటిది. ఎందుకంటే కారణం ఒక్కటి కాదు. టికాల్, కలాక్‌ముల్ రాజులు తరాల తరబడి కొట్టుకున్నారు. జనం పెరిగారు, అడవి తగ్గింది. ఆ పైన కరువులు. చిచన్‌కనాబ్ అనే సరస్సు అడుగున బురద పొరల్లో జిప్సం ఎక్కువగా పేరుకున్న కాలం, నగరాలు వట్టిపోయిన కాలం దగ్గర దగ్గరగా సరిపోయాయని 1995లో తేల్చారు. నీళ్ళు ఆవిరై సరస్సు కుంచించుకుపోతే జిప్సం పేరుకుంటుంది. తర్వాత బెలీజ్‌లో ఒక గుహలోని రాతి స్తంభం పొరలు కూడా అదే చెప్పాయి. బొర్రాలో చుక్క చుక్కగా పెరిగే స్తంభాలున్నాయే, అవి వానల లెక్క రాసిపెట్టుకునే పుస్తకాలు.

రాజు వాన తెప్పిస్తాడని నమ్మి జనం రాళ్ళు మోశారు. వాన రాకపోతే ఆ రాజు కోసం ఎవరు మోస్తారు? జనం చేతనైన చోటికి వెళ్ళిపోయారు. దక్షిణాన ఊళ్ళు వాడిపోతున్న కాలంలో ఉత్తరాన, సెనోటెలున్న చిచెన్ ఇట్సా వెలిగింది. వాళ్ళ ఆఖరి స్వతంత్ర రాజధాని నోహ్‌పెతెన్ స్పెయిన్ వాళ్ళ చేతికి చిక్కింది 1697లో. అప్పటికి ఇక్కడ ఔరంగజేబు గోల్కొండని తీసుకుని పదేళ్ళయింది. అంత దగ్గరి చరిత్ర అది.

ప్రశ్న: 2012లో యుగాంతం అన్నారు, ఏమీ కాలేదు. వాళ్ళ క్యాలెండర్ తప్పా? — పెందుర్తి నుంచి ఒక పాఠకుడు

జవాబు: క్యాలెండర్ తప్పు కాదు, మన టీవీలవాళ్ళ తొందర. వాళ్ళ దీర్ఘ లెక్కలో 18,72,000 రోజుల చక్రం ఒకటి 2012 డిసెంబర్ 21న పూర్తయింది. సుమారు 5,125 ఏళ్ళ చక్రం. మనకి ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై ఏళ్ళు అయిపోతే మళ్ళీ ప్రభవ రాదా?

బాధ పడాల్సింది వేరేదానికి. 1562 జులైలో మానీ అనే ఊళ్ళో దియేగో దె లాందా అనే క్రైస్తవ సన్యాసి వాళ్ళ పుస్తకాల్ని కుప్పపోసి తగలబెట్టించాడు. ఇప్పుడు మిగిలినవి నాలుగే. వాటిలో డ్రెస్డెన్ నగరంలో ఉన్నదానిలో శుక్రగ్రహం రాకపోకల పట్టికలున్నాయి. విచిత్రమేమంటే తగలబెట్టించిన ఆ లాందాయే, మాయా అక్షరాలివి అని తన పుస్తకంలో ఒక పట్టిక వేసుకున్నాడు. 1952లో యూరి క్నోరొజోవ్ అనే రష్యన్ పండితుడు లెనిన్‌గ్రాడ్‌లో కూర్చుని, ఆ పట్టికనే పట్టుకుని లిపి చిక్కుముడి విప్పే దారి చూపించాడు.

ప్రశ్న: పడుచు అమ్మాయిల్ని అలంకరించి బావిలో తోసేవారట కదా. అలాంటి చోటుకి పిల్లల్ని తీసుకెళ్ళడం మంచిదా? — కంచరపాలెం నుంచి ఒక తల్లి

జవాబు: నరబలి జరిగింది, దాన్ని మెత్తగా చెప్పను. కానీ 'అందమైన కన్యలు' అన్నది గైడ్ల కథ. పవిత్ర సెనోటె అడుగున దొరికిన ఎముకల్లో మగవాళ్ళవి, పిల్లలవి కూడా ఉన్నాయి. ఆ సెనోటెకి దగ్గరలో, భూమిలో తొలిచిన ఒక నీటి గదిలో దొరికిన 64 మంది ఎముకల డీఎన్‌ఏ చదివి 2024లో ఫలితాలు చెప్పారు. అందరూ మగపిల్లలే. వాళ్ళలో రెండు జతల కవలలున్నారు, సుమారు పావు వంతు మంది దగ్గర బంధువులు. మాయన్ల పురాణంలో పాతాళానికి వెళ్ళే వీరులు కవలలే, దానికీ దీనికీ లంకె ఉండొచ్చని ఆ పండితుల ఊహ.

పిల్లలు పన్నెండు దాటినవాళ్ళయితే తీసుకెళ్ళండి, అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చిన్నవాళ్ళయితే బంతాట, చప్పట్ల ప్రతిధ్వని చాలు. ఆ ఎండలో వాళ్ళ ఓపిక ఎలాగూ అంతవరకే.

ప్రశ్న: మేడమ్, ప్రభుత్వ స్కూల్లో సోషల్ చెబుతాను. మా పిల్లలకి మెక్సికో ఎక్కడ? మీరు రాసినదాంట్లో ఏదైనా ఇక్కడే చూపించగలనా? — భీమిలి నుంచి ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: భలే అడిగారు టీచర్ గారూ. నీళ్ళు చూపించండి. ఉష్మల్‌లో సెనోటెలు లేవు, భూగర్భ జలం చాలా లోతు. అందుకని వాళ్ళు నేలలో గంట ఆకారంలో గోతులు తొలిచి, లోపల సున్నం పూసి, పెరట్లో పడిన వాననంతా వాలుగా వాటిలోకి మళ్ళించారు. చుల్తూన్ అంటారు. అక్కడ మూతి దగ్గర వంగి లోపలికి చూస్తున్నప్పుడు మా గుంపులో ముందు వినబడ్డ మాట 'తొట్లకొండ!' అనే.

మీకు తొట్లకొండ పక్కనే. సముద్రం కనబడే ఆ కొండ మీద బౌద్ధ భిక్షువులు రెండువేల ఏళ్ళ కిందట ఉన్నారు. స్తూపాలు, విహారపు గదుల పునాదులు చూసి అందరూ ఫొటోలు దిగి వచ్చేస్తారు. మీరు పిల్లల్ని రాతిలో తొలిచిన నీటి తొట్ల దగ్గరికి తీసుకెళ్ళండి. కొండ మీద వాన ఎటునుంచి ఎటు జారుతుందో ఒక సీసా నీళ్ళు ఒంపి చూడమనండి. ఇంతమంది భిక్షువులు, ఇన్ని నెలల ఎండాకాలం, రోజుకి మనిషికి ఇన్ని నీళ్ళు అని లెక్క వేయించండి. లెక్కల మాస్టారిని కూడా వెంటపెట్టుకోండి. తొట్టి పొడవు, వెడల్పు, లోతు టేపుతో కొలిస్తే ఘనపరిమాణం పాఠం అక్కడే అయిపోతుంది. తర్వాత మాయన్ల చుక్కలూ గీతల్లో ఆ అంకెని రాయమనండి, పిల్లలకి ఆటలా ఉంటుంది.

వెళ్ళేది శీతాకాలంలో పెట్టుకోండి, తొమ్మిదింటికల్లా పైకి చేరిపోండి. నీడ తక్కువ, టోపీలు ఉండాలి. తాగే నీళ్ళు కింద నుంచే పట్టుకెళ్ళండి. పాత కట్టడాల గోడల మీద పిల్లల్ని ఎక్కనివ్వకండి. ముందురోజు పురావస్తు శాఖ వాళ్ళకి ఫోన్ చేసి బడి పిల్లలు వస్తున్నారని చెబితే, గైడ్‌ని ఇవ్వగలరేమో కూడా అప్పుడే కనుక్కోవచ్చు.